బొడ్డమ్మ బజ్జీకి పడిన గ్రేడు

మిరపకాయ బజ్జీ వేసేటప్పుడు బొడ్డమ్మ నూనె వంక చూడదు. చుక్కంత పిండి మూకుట్లో వదిలి, తల పక్కకు వంచి వింటుంది. చప్పుడు మందంగా ఉంటే నూనె ఇంకా కాగాలి, చిటపటలాడితే మంట తగ్గాలి. ఆ రెంటికీ మధ్య ఒక చప్పుడు ఉంది. అది వినబడ్డాకే మొదటి కాయ పిండిలో ముంచుతుంది. పలాసలో జీడి ఫ్యాక్టరీల వీధిలో, ఒక ఫ్యాక్టరీ పెద్ద గేటు పక్కన, పద్నాలుగేళ్లుగా ఆమె బండి నిలబడింది ఆ చప్పుడు మీదే.

ఆమెది ఉద్దానం సముద్రపు ఒడ్డున చేపల వేట చేసుకునే కుటుంబం. పెళ్లై పలాస వచ్చి, బండి పెట్టక ముందు పదకొండేళ్లు అదే ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టింది. పిక్క కొట్టడంలో పని అంతా పప్పు విరగకుండా తీయడంలో ఉంది. నిండు పప్పుకు ఒక ధర, రెండుగా విడిపోయిన బద్దకు ఒక ధర, ముక్కకు ఇంకో ధర. బొడ్డమ్మ బుట్టలో బద్ద కనబడేది కాదు. జీడి సొన వేళ్లు తినేస్తుంటే పని మానేసి బండి పెట్టింది. చెయ్యి మారింది కాని లెక్క మారలేదు. బజ్జీ కూడా నిండుగా, చీలిక లేకుండా, జానెడు పొడవున రావాలి. చీలింది వస్తే అమ్మదు, పక్కన పెట్టేస్తుంది.

ఈ వీధి సంగతి తెలియనివాళ్లకు ఒకటి చెప్పాలి. ఇక్కడ జీడిపప్పుకు నంబర్లుంటాయి. ఒక పౌండుకు నూట ఎనభై పప్పులు తూగితే అది నూట ఎనభై గ్రేడు, పెద్ద పప్పు, ఖరీదైన సరుకు. మూడు వందల ఇరవై తూగితే మామూలు పప్పు. నాలుగు వందల యాభై అయితే చిన్నది. నంబరు ఎంత చిన్నదైతే సరుకు అంత గొప్పది. ఈ వీధిలో పుట్టిన పిల్లలకు కూడా ఇది తెలుసు.

నిరుడు ఈ వీధికి ‘ఆరోగ్య వీధి’ అనే పథకం వచ్చింది. దాన్ని చూసుకోవడానికి మన్మథరావు అనే మునిసిపల్ ఆఫీసు గుమాస్తాను వేశారు. మంచి మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు. బండ్ల వాళ్లందరినీ కూర్చోబెట్టి, ఉద్దానం ఊళ్లలో కిడ్నీ జబ్బులు, టౌన్లో బీపీ, షుగరు ఎలా పెరుగుతున్నాయో చెప్పాడు. వీధి పొడవునా పసుపు గీత గీస్తారు. గీత లోపల ప్రతి బండి ఇడ్లీ, చోడి అంబలి అనే రాగి జావ కూడా అమ్మాలి. ప్రతి వస్తువు పక్కన దాని నంబరు బోర్డు మీద రాయాలి. నంబరు మూడు వందలు దాటిన వస్తువుకు నెల గడువు. ఆలోగా మూడు వందల లోపుకు తేకపోతే, గీత లోపల దాన్ని అమ్మకూడదు.

అందరికన్నా ముందు సరేనన్నది బొడ్డమ్మే. ఆమె తమ్ముడు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్తాడు. జబ్బు గురించి ఆమెకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

మన్మథరావు ఫారం నింపాడు. టోపీ, ఏప్రాన్, మూత ఉన్న చెత్తబుట్ట, ఇలా పదకొండు గడులున్నాయి.

“నూనె గురించి రాయరేటి బాబూ?” అని అడిగింది బొడ్డమ్మ. “ఇయ్యాల కాగిన నూనె రేపు మూకుట్లో ఎయ్యను నాను. సూడండి, డబ్బాలోకి వంపీసినాను.”

మన్మథరావు ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు. “దీనికి గడి లేదమ్మా.”

“మరి టోపీకి ఉందేటి?”

“టోపీకి రెండున్నాయి. ఒకటి ఉందా లేదా అని, ఒకటి రంగు.”

బోర్డు రాసింది నేనే. ఈ వీధిలో బోర్డులు రాసేది, ఫ్రేములు కట్టేది నేనే. ఆఫీసు వాళ్లు ఇచ్చిన కాగితంలో పైన గుర్తు, దాని కింద నినాదం, దాని కింద పథకం పేరు, ఫిర్యాదుల నంబరు. ఇవన్నీ వాళ్లు చెప్పిన కొలతల్లో రాస్తే కింద మూరెడు కూడా మిగల్లేదు. అందులోనే వస్తువులు, నంబర్లు సర్దాను. ‘కేలరీలు’ అన్న మాట మూలన బియ్యపు గింజంత అక్షరాల్లో పెట్టాల్సి వచ్చింది. ఇది ఎవరికీ కనబడదండీ అన్నాను. నినాదం కనబడాలి అన్నారు. అలాగే రాశాను. ఇడ్లీ 60. చోడి అంబలి 90. పునుకులు 240. మిరపకాయ బజ్జీ 320.

మర్నాడు టీ వేళకు గేటు తెరుచుకుంది. ముందుగా వచ్చినవాడు సన్యాసిరావు. ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లుగా పప్పు గ్రేడు చేసే మేస్త్రీ. అతను బోర్డు ముందు ఆగిపోయాడు.

“అదేటి సెల్లీ, నీ బజ్జీ మూడొందల ఇరవయ్యా?”

వెనకనే పిక్కలు కొట్టే దుర్గ వచ్చింది. “ఓలమ్మో, ఇడ్లీ అరవై అంట మావా! అరవై గ్రేడు ఎవలైనా సూసినారేటి?”

“అరవై గ్రేడంటే ఒక్కో పప్పు నిమ్మకాయంత ఉండాల,” అన్నాడు సన్యాసిరావు. “నా సర్వీసులో లేదు.”

ఆ పూట అందరూ ఇడ్లీలే అడిగారు. సన్యాసిరావు ఇడ్లీని వెలుతురుకు ఎత్తి చూశాడు, రెండు వేళ్లతో నొక్కాడు, వాసన చూశాడు. “దీనికెవడు ఏసినాడు ఈ గ్రేడు?” అని దాన్ని ప్లేట్లో పెట్టేశాడు.

బొడ్డమ్మకు ఒళ్లు మండిపోయింది. ఆ ఇడ్లీ పిండి షాపులో కొన్న పాకెట్ పిండి. పథకం కోసం పెట్టింది. “పాకెట్ పిండికి అరవై, పద్నాలుగేళ్ల నా సేతికి మూడొందల ఇరవయ్యా! ఏ కళ్లతో సూసినారు ఈలు?”

వారానికి మన్మథరావు వచ్చాడు. “అమ్మా, నీ బజ్జీ నంబరు తగ్గాలి.”

“నానూ అదే అంతన్నాను బాబూ. అది ఉండాల్సిన నంబరు కాదు.”

“మూడు వందల లోపుకు రావాలి.”

“నూట ఎనభైకి తెత్తాను.”

మన్మథరావు తెల్లబోయాడు. ఇంత పట్టుదల అతను ఏ బండి దగ్గరా చూడలేదు. “అంత అక్కర్లేదమ్మా. రెండు వందల తొంభై చాలు.”

“రెండొందల తొంభై ఎక్కడుంది బాబూ? రెండొందల నలభై ఉంది, రెండొందల పది ఉంది, ఆపైన నూట ఎనభై. మధ్యలో ఏటీ లేదు.”

అతను జేబులోంచి పెన్ను తీసి, ఈ బండి యజమానికి విషయం మీద లోతైన అవగాహన ఉంది అని పుస్తకంలో రాసుకున్నాడు.

బొడ్డమ్మ పనిలోకి దిగింది. నంబరు తగ్గాలంటే సరుకు పెరగాలి. టెక్కలి వెళ్లి ఇంకా పొడవైన కాయలు ఏరి తెచ్చింది. లోపల వాము, చింతపండుతో పాటు వేరుశెనగ పొడి కూరింది, జీడిపప్పు పలుకులు కూరింది. ఒకసారి ముంచి వేయించి, తీసి, మళ్లీ ముంచి వేయించింది. మన్మథరావు వచ్చి ఒక బజ్జీ తూకం వేసి, అందులో ఏమేం పడ్డాయో ఫోన్లో ఒక్కొక్కటే నొక్కాడు. ఫోన్ చెప్పింది: 450.

ఆ మధ్యాహ్నం బండి చుట్టూ పరామర్శకు వచ్చినట్టు నిలబడ్డారు.

“నాలుగొందల యాభయ్యా?” అంది దుర్గ. “అది మనం ఇంటికాడ పాయసంలో ఏసుకునీదే కదప్పా.”

“నాలిక మీద అలగ లేదే,” అన్నాడు సన్యాసిరావు నములుతూ. “ఇంకోటియ్యి సెల్లీ, సరిగ్గా సూసి సెప్తాను.”

బొడ్డమ్మ ఇంకా కష్టపడింది. పిండి నెయ్యితో కలిపింది. బజ్జీ జానెడు దాటిపోయింది. ఫోన్ 610 చెప్పింది. ఆరు వందల పది గ్రేడు అసలు లేదని, అది నూక కింద లెక్కని సన్యాసిరావు మెల్లగా చెప్పాడు. చిత్రమేమంటే నంబరు దిగజారేకొద్దీ బండి దగ్గర జనం పెరిగారు. పక్క వీధి ఫ్యాక్టరీల నుంచి కూడా వచ్చారు. గ్రేడు పోయిన బజ్జీ ఇంత బావుందేమిటని తింటూ చర్చించుకునేవాళ్లు.

ఇంటి దగ్గర బొడ్డమ్మకు తిండి సహించలేదు. బజ్జీ గేటు దగ్గర నుంచి పోతుందన్న దిగులు ఒకటి. అంతకన్నా, తన చెయ్యి పోయిందేమో అన్న భయం.

గడువు రోజున మన్మథరావు చివరిసారి నంబరు చూసి నెత్తి పట్టుకున్నాడు. “తగ్గిస్తానన్నావు కదమ్మా! నెయ్యెందుకు వేశావు?”

“తగ్గించడానికే కదా బాబూ ఏసినాను!”

బొడ్డమ్మ బోర్డు వైపు వేలు చూపింది.

“అసలీ నంబరు ఏటి బాబూ? పౌండుకి ఎన్ని తూగుతాయనా?”

“పౌండేమిటి? కేలరీలమ్మా. తిన్నదాంట్లో ఎంత శక్తి ఉందో ఆ లెక్క.”

బొడ్డమ్మ చిల్లుల గరిటె కింద పెట్టింది. “శక్తి ఎక్కువుంటే నంబరు పెరుగుతాదా?”

“పెరుగుతుంది.”

“మరి ఈ వీధంతట్లో పెద్ద నంబరు ఎవలిది?”

“నీదే. జిల్లాలోనే నీదేమో.”

సన్యాసిరావు ప్లేటుతో సహా లేచి నిలబడ్డాడు. దుర్గ నోట్లో ముద్ద ఆగిపోయింది. నెల రోజుల అవమానం బొడ్డమ్మ మొహం మీద నుంచి దిగిపోవడం అందరం చూశాం.

“కాని అది ఒంటికి మంచిది కాదమ్మా,” అన్నాడు మన్మథరావు కంగారుగా. “రోజూ తింటే...”

“మంచిది కాదని నాకు తెల్దేటి? నా తమ్ముడు ఉన్నాడు. అందుకే మనిషికి రెండే ఇత్తాను. మూడోది అడిగితే తిట్టి పంపుతాను. ఈ సన్యాసిరావన్నియ్యని అడగండి. దానికి గడుందేటి మీ ఫారంలో?”

మన్మథరావు ఫారం చూడలేదు. లేదని అతనికి తెలుసు. ఆమెకు ఎలాగైనా సాయం చేయాలని, గొంతు తగ్గించి ఒక దారి చెప్పాడు. “చూడు, నెయ్యీ అవీ మానేసి పాత బజ్జీయే వెయ్యి. దాన్ని సగానికి కోసి అమ్ము. సగానికి నూట అరవై. పాసైపోతావు. వాళ్లు రెండు సగాలు కొనుక్కుంటే నాకు సంబంధం లేదు. గేటు దగ్గరే ఉంటావు.”



“బద్ద సెయ్యమంతన్నారా బాబూ?” అంది బొడ్డమ్మ.

“కొయ్యమంటున్నాను అంతే.”

“ఇడిపోయిన సరుకు అమ్మమంతన్నారు. నిండుగా వొచ్చిన దాన్ని, నా సేత్తో.” ఆమె కోపంగా కూడా అనలేదు. “ఆ పసుపు గీత ఎక్కడి దాకా ఉంది?”

“ఆ కరెంటు స్తంభం దాకా.”

మర్నాడు పొద్దున్నకి బండి స్తంభం అవతల ఉంది. అక్కడ నీడ లేదు. లారీలు తిరిగే మలుపు, దుమ్ము. గేటు పక్కన పద్నాలుగేళ్ల చోటులో ఇప్పుడు పాకెట్ పిండి ఇడ్లీల బండి పెట్టారు. నెయ్యి, వేరుశెనగ పొడి, జీడిపప్పు బొడ్డమ్మ మానేసింది. అవి కోపంతో వేసినవట, బజ్జీకి సంబంధం లేదట. మొదటి వారం సగం మందే వచ్చారు. తర్వాత మిగతా వాళ్లూ నడిచి రావడం మొదలుపెట్టారు.

మన్మథరావు ఇవతల నిలబడి రోజూ లెక్క పెట్టాడు. ఆరోగ్య వీధి వల్ల కార్మికుల్లో నడక పెరిగిందని, ఒక్కొక్కరు రోజుకు ఆరు వందల అడుగులు అదనంగా వేస్తున్నారని రిపోర్టు పంపాడు. అది అబద్ధం కాదు. ఆఫీసు నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. దాన్ని ఫ్రేము కట్టించడానికి నా దగ్గరికే తెచ్చాడు.

నిన్న నేనూ అక్కడే ఉన్నాను. దుర్గ రొప్పుతూ వచ్చి బండి చెక్క పట్టుకుంది.

“టీ టైము పది నిమిషాలప్పా. రాడానికి మూడు, పోడానికి మూడు. ఇంక తినడానికేటి మిగిలింది?”

“నాలుగు మిగిలినాయి,” అని బొడ్డమ్మ ప్లేటు చేతిలో పెట్టింది. “మాటాడక తిను.”