ఊగే గుండు

వెంకటరమణప్ప గోడల నిలువు చూసే తన తూకం గుండును మ్యూజియానికి ఇచ్చింది గొప్ప కోసం కాదు, నిద్ర కోసం.

నగరం అంచున చందాపురలో ఆయనది ఒంటి గది. గోడకు కొట్టిన మేకుకు దారంతో వేలాడే ఆ ఇత్తడి గుండు ఫ్యాను వేస్తే ఊగేది. ఫ్యాను ఆపితే దోమలు. ఊగే గుండును ఎదురుగా పెట్టుకుని ఏ మేస్త్రీ కన్ను మూస్తాడు? అది నిలిచేదాకా చూడటమే కదా ఆయన నలభై ఏళ్లు చేసింది. ఒకసారి పెట్టెలో పడేశాడు. దారం చిక్కు పడితే భార్య గంగమ్మ తిట్టేదని గుర్తొచ్చి మళ్లీ తీసి తగిలించాడు.

మడకశిర దగ్గరి పల్లె నుంచి ఇరవై ఏళ్ల వయసులో వచ్చాడు. పెళ్లయ్యాక గంగమ్మా వచ్చింది. పిల్లల్లేరు, గోడలే. ఆయన పరంజా మీద నిలబడి గోడ పైఅంచు నుంచి గుండు వదిలేవాడు. కింద ఆమె ఊగే గుండును రెండు వేళ్లతో ఆపి, చెయ్యి తీసి, కాసేపు చూసి కేకేసేది: "నిలిచింది!" పైనుంచి ఆయన "సరే" అనేవాడు. అప్పుడు దారానికీ గోడకూ మధ్య సందు కొలిచేవాళ్లు. పైన ఎంతో కిందా అంతే ఉంటే గోడ నిలువు. అలా నిలువు చూసి లేపిన గోడల వెనక ఇప్పుడు వేలమంది కంప్యూటర్ల ముందు కూర్చుంటున్నారు. ఆయన్ని గేటు దగ్గర కూడా నిలబడనివ్వరు.

మూడేళ్ల కిందట అత్తిబెలె దగ్గర ఒక అపార్టుమెంటు పనిలో గుండు వదిలాడు. కిందనుంచి కేక రాలేదు.

"ఏమే, నిద్రపోతివా?" అని నవ్వుతూ వంగి చూశాడు. గంగమ్మ ఇసుక కుప్ప మీద పక్కకు ఒరిగిపోయి ఉంది. ఆమె పక్కన గుండు ఊగుతూనే ఉంది. ఆసుపత్రికి చేరేసరికే అయిపోయింది. ఆ తర్వాత ఆయన దారం పట్టలేదు. మేస్త్రీలంతా లేజర్లు కొనుక్కున్నారు కాబట్టి పట్టమని ఎవరూ అడగలేదు కూడా.

కూలీల పనిముట్లతో నగరంలో చిన్న మ్యూజియం పెడుతున్నామని సంధ్య అనే అమ్మాయి వస్తే గుండు ఆమె చేతిలో పెట్టేశాడు. అక్కడైనా నిలుస్తుందనుకున్నాడు.

చూడ్డానికి వెళ్తే ఏముంది? పైకప్పు నుంచి వేలాడదీశారు. చుట్టూ అడ్డంగా తాడు. పైన ఏసీ గాలికి గుండు అటూ ఇటూ ఊగుతోంది. కింద బోర్డు మీద "ఇత్తడి, నూలు దారం" అని రాశారు.

"అమ్మా, ఇది నిలవాల. ఊగతా ఉంటే దేనికీ పనికిరాదు."

"ఊగుతుంటేనే బాగుంది పెద్దాయనా. అందరూ ఆగి వీడియో తీసుకుంటున్నారు చూడండి," అంది సంధ్య.

"గాలి రవ్వంత పక్కకు తిప్పమ్మా."

"బిల్డింగంతటికీ ఒకటే ఏసీ. నా చేతుల్లో లేదు."

ఆయన వదల్లేదు. రెండు బస్సులు మారి ప్రతి ఆదివారం వచ్చాడు. నాలుగో ఆదివారం గార్డు ఓంకార్ నవ్వాడు.

"మళ్లీ వస్తివా అప్పా? ఎత్తుకుపోయేకేనా?"

"నాది నేను ఎత్తుకుపోయేదేందప్పా? ఒక్కసారి నిలిస్తే, చూసి పోతా."

"ఏసీ ఆరింటికి ఆపుతారు. అప్పటికి లోపల ఈగ కూడా ఉండకూడదు. నా ఉద్యోగం ఉండాది."

"రెండు నిమిషాలు."

ఓంకార్ ఆయన మొహం చూశాడు, తర్వాత కెమెరా వైపు చూశాడు. "రెండే. తాడు దాటితే మాత్రం చూడు."

ఆరయింది. జనం పోయారు. పైన ఏసీ హోరు ఆగింది. గుండు ఊపు జానెడు నుంచి బెత్తెడుకు, బెత్తెడు నుంచి వేలెడుకు తగ్గింది. వెంకటరమణప్ప కుడిచేతి రెండు వేళ్లు వాటంతట అవే లేచాయి. తాడు దాటలేదు. గుండు నిలిచింది.

"అయిందిగా, దా అప్పా," అన్నాడు ఓంకార్.

ఆయన కదల్లేదు. ఆ కేక వినపడితేగాని కదిలే అలవాటు లేదు. అది కిందున్న మనిషి వెయ్యాల్సిన కేక. ఇన్నేళ్లూ తను పైనుండేవాడు. ఇవాళ కిందున్నది తనే.

తలెత్తి, మూడో అంతస్తుకు వినపడేలా అరిచాడు: "నిలిచింది!"

ఓంకార్ ఉలిక్కిపడ్డాడు. "ఎవరికప్పా చెప్తాండావు?"

వెంకటరమణప్ప పైకప్పు వైపే చూస్తూ నిలబడ్డాడు. పైనుంచి జవాబొచ్చేదాకా కిందివాళ్లు పక్కకు జరగకూడదు. రెండు నిమిషాలు దాటిపోయాయి. ఓంకార్ ఒక్కొక్క లైటూ ఆర్పుకుంటూ వస్తున్నాడు.

చివరికి సంచీ భుజాన వేసుకుని, ఆ మాటా తనే అన్నాడు.

"సరే."