శొంఠి డబ్బా మీది మాట

"రుచి చూశావా?"

"చూసిన, టీచరమ్మా."

"నా ముందు చూడు."

మా ఇద్దరి మధ్య చివరి మాటలు ఇవే. మంచం పట్టి కూడా ఆవిడ నేను కాచిన శొంఠి కషాయాన్ని నమ్మలేదు. నేనొక గుక్క తాగి చూపించాకే గ్లాసు అందుకుంది. ఈ పొద్దున శొంఠి దంచుతుంటే ఘాటు ముక్కుకెక్కి ఆ గొంతు మళ్లీ వినబడింది.

టీచరమ్మది కోస్తా. బడిలో మొక్కల పాఠాలు చెప్పి రిటైరయ్యాక, సైదాబాద్‌లో ఇంటి వెనక రేకుల షెడ్డులో శొంఠిపొడి, ఉసిరిపొడి చేయించి చార్మినార్ దగ్గరి మూలికల దుకాణాలకు పంపేది. మా ఆయన చనిపోయిన ఏడాది నేను అక్కడ పనికి కుదిరాను. ఆ పని పోతే నాకు ఇంకో దారి లేదు.

నాకు చదువు రాదు. అక్షరాలను ముగ్గుల్లా చూసి గుర్తుపెట్టుకుంటాను. ఒకరోజు కొత్త లేబుళ్లు వచ్చాయి. ఉసిరి డబ్బాకూ శొంఠి డబ్బాకూ కింద ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న పేరులో రెండో మాట ఒకటే, తోక మాత్రం వేరు. ఒకే మాట రెండు రకాలుగా ఉంటే నకిలీవి అనుకున్నాను. పట్టుబడితే దొరికేది అంటించిన మనిషే కదా. పని పోతుందని భయపడుతూనే అంటించనన్నాను.

టీచరమ్మ కోప్పడలేదు. "అది మొక్క శాస్త్రీయ నామంలో ఉండే లాటిన్ విశేషణం. ఉసిరికి ఆఫిసినాలిస్, శొంఠికి ఆఫిసినాలె. ఆ భాషలో ఉసిరి పేరు ఆడది. అల్లం పేరు ఆడా కాదు, మగా కాదు. దాన్నిబట్టి తోక మారుతుంది."

"ఉసిరికాయ ఆడదని ఎవలు చూసిన్రమ్మా?"

"ఎవరూ చూళ్లేదు, అలా అనుకున్నారంతే. ఆఫిసినా అంటే పనిచేసే చోటు. తర్వాత క్రైస్తవ మఠాల్లో మందులు దాచే గదిని అలా పిలిచారు. ఆ గదికెక్కిన మొక్కలకు ఈ మాట తగిలించారు."

"గట్లయితే గీ మాటుంటే సరుకు మంచిదేనా?"

ఆవిడ పొద్దున వచ్చిన సంచిలోంచి తెల్లటి శొంఠి కొమ్ము తీసి నా చేతిలో పెట్టింది. "కొరుకు."

నాలుకకు సున్నం తగిలింది. పురుగు తొలిచిన కొమ్ములకు సున్నం పూసి పంపారు.

"పేరు అబద్ధం కాదు. కానీ అది మొక్క పేరు, ఈ సంచి పేరు కాదు. నేను చెప్పిందీ ఊరికే నమ్మకు. ఇకనుంచి ప్రతి సంచీ నువ్వే కొరికి చూడు."

నేను నమ్మలేదు కూడా. సంతోష్‌నగర్ మందుల దుకాణం భాయ్‌కి రెండు లేబుళ్లూ చూపించాను. "సహీ హై, అమ్మా. శక్ క్యోఁ?" అన్నాడు, సరిగ్గానే ఉన్నాయి, అనుమానమెందుకని. తిరిగొస్తే టీచరమ్మ గుమ్మంలోనే, "అడిగొచ్చావా? ఇక అంటించు," అంది.

ఆ కషాయం రోజున ఆవిడ చుట్టాలు, "ఇన్నేళ్లు పనిచేసినదాన్ని నమ్మలేదు చూడు," అనుకున్నారు. నాకట్లా అనిపించలేదు. నాకప్పగించిన పనే అడిగింది. ఇప్పటికీ పాలైనా, తియ్యటి మాటైనా ముందు నాలుక మీద పెట్టుకున్నాకే లోపలికి పంపుతాను.

ఇదంతా మా చెల్లెలి బిడ్డ లత రాస్తోంది. కలం తొందరగా నడుస్తోంది. నేనన్నదే రాసిందో, తనకు నచ్చింది రాసిందో.

లతా, రాసుడు అయిందా? మొదటి నుంచి చదువు బిడ్డా. నా ముందల చదువు.