రాజాసాబ్ చదివిన పేరు

నిన్న ఒకాయన పాత దస్తావేజుల మూట తెచ్చి నా బల్ల మీద విప్పాడు. తేమా దుమ్మూ కలిసిన వాసన గుప్పుమంది. వెంటనే రాజాసాబ్ గుర్తొచ్చారు. ఇలాంటి మూట విప్పినప్పుడల్లా గట్టిగా తుమ్మి, "జర ఆగు, తాతలు లేస్తున్నరు" అనేవారు.

పాలమూరులో కోర్టు వెనక ఒక కిరాయి గదిలో ఆయన ఉర్దూ కాగితాలు చదివిపెట్టేవారు. ఒక చిన్న సంస్థానం రాజుగారి చిన్న భార్య కొడుకు. కోటలాంటి గడీ, ఇంటిపేరు, గోడల మీది ఫొటోలు అన్నీ పెద్ద భార్య పిల్లలకు పోయాయి. ఈయనకు మిగిలింది చిన్నప్పుడు మున్షీ నేర్పిన ఉర్దూ ఒక్కటే. పెళ్లి లేదు, పిల్లలు లేరు. తెలంగాణ వచ్చిన మరుసటేడు, డిగ్రీ చేసి ఖాళీగా తిరుగుతున్న నేను ఆయన దగ్గర ఆ కాగితాలు చదవడం నేర్చుకోవడానికి చేరాను. జనం వెక్కిరింపుగా రాజాసాబ్ అని పిలిస్తే, ఆయన నిజమనుకుని పలికేవారు. ఆయన మీద నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు మా బాపు వచ్చాడు. మేము సాలెవాళ్లం. మా తాత ఆ గడీకే వెట్టికి బట్ట నేసి ఇచ్చినవాడు. మా మగ్గం జాగా గురించి గడీవాళ్లు ఎప్పుడో రాయించిన కాగితం బాపు చేతిలో ఉంది. రాజాసాబ్ అద్దాలు తుడుచుకుని చదివారు: "ఈ జాగాలో ఉంటున్నవారు ఎల్లయ్య గారు." బాపు కళ్లలో నీళ్లు తిరిగాయి. తాతను బతికినన్నాళ్లూ ఎవరూ గారు అనలేదు. అప్పటికే ఉర్దూ అక్షరాలు పట్టుబడ్డ నేను వెనకనుంచి తొంగిచూశాను. బాపు వెళ్లిపోయాక ఉండబట్టలేక అడిగాను.

"ఎల్లిగాడు అని గదా ఉన్నది సాబ్? గట్లెందుకు చదివిన్రు?"

"రాయించినోడు మా తాత. చదివేటోన్ని నేను."

ఆ తర్వాత ఆయన మీద నాకు కోపం రాలేదు.

గడీవాళ్లు తమ వంశవృక్షం అచ్చు వేయిస్తున్నారని తెలిసి, రాజాసాబ్ తన పేరూ తల్లి పేరూ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పంపారు. పుస్తకం వచ్చేదాకా రోజూ పోస్టు కోసం గుమ్మంలోకి చూసేవారు. చివరికి వచ్చింది. వేలు పెట్టి కొమ్మకొమ్మా వెతికారు. మళ్లీ మొదటినుంచి వెతికారు.

"అచ్చుతప్పయ్యుంటది" అన్నారు.

అచ్చుతప్పట! నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం ఆ రోజు ముందు పెట్టిన చాయ్ కూడా ముట్టలేదు.

రెండేళ్లకు దవాఖానలో పోయారు. గడీవాళ్లకు ఫోన్ చేస్తే, "గా పేరుగల్లాయన మా ఇంట్ల ఎవ్వరు లేరు" అని పెట్టేశారు. కొరివి నేను పడతానంటే, కన్నతండ్రి బతికుండగా పట్టొద్దని పక్కవాళ్లు గొణిగారు. బాపే ముందుకొచ్చి, "పట్టు బిడ్డా, నాకేం గాదు" అన్నాడు.

అప్పటినుంచి ఏటా పెత్తరమాసకు, పోయిన పెద్దల పేరు మీద పురోహితుడైన అయ్యగారికి బియ్యం ఇచ్చేటప్పుడు, తాత పేరు తర్వాత ఆయన పేరు చెప్తున్నాను. మొదటి ఏడు అయ్యగారు చేయి ఆపి, "ఈయన గోత్రమేంది?" అని అడిగారు. అన్నేళ్లు పక్కన కూర్చున్నా నేనెప్పుడూ అడగనేలేదు.

వెనకనుంచి బాపు అన్నాడు: "మాదే చెప్పుండ్రి అయ్యగారు."