తప్పని తెలిసి పెట్టిన టిక్కు

ఈ మాట ఇన్నేళ్లు నా గొంతు దాటలేదు. కట్టుకున్నవాడికి చెప్పలేదు, కన్నతల్లికి చెప్పలేదు. మీకు చెప్తున్నాను, మీరెవరో నాకు తెలియదు కాబట్టి. జాలిపడే ఉద్దేశం ఉంటే ఇక్కడే ఆపేయండి. మీ జాలి నాకక్కర్లేదు.

సుజాత అంటే నాకు ఒళ్లు మంట. ఎడపల్లిలో మాది ఒకే వాడ, బడిలో ఒకే బెంచి. నేను కళ్లు కాయలు కాసేలా చదివి తెచ్చుకునే మార్కులు ఆమె నవ్వుతూ తెచ్చుకునేది. పైగా నా పేపరు లాక్కొని “గింతేనానే?” అనేది. డిగ్రీ కాగానే ఆమెను సొంత మేనమామకే ఇచ్చి చేశారు. మా వైపు అది వింతేం కాదు. ఏడాది తిరక్కుండా ఆడపిల్ల పుట్టింది. హమ్మయ్య, పీడ విరగడైంది అనుకున్నాను. ఎక్కడ?

బ్యాంకు గుమాస్తా పరీక్షకు ఇద్దరం కట్టాం. నేను రోజూ బస్సెక్కి నిజామాబాద్‌లో కోచింగుకు పోయేదాన్ని. చంటిపిల్లతో ఆమెకు వీలుకాలేదు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు తోలే ఆమె మొగుడు ఈ ఒక్కసారికే ఒప్పుకున్నాడు. ఇది పోతే ఇక పుస్తకం ముట్టకూడదు. అందుకే సాయంత్రం కాగానే పిల్లను చంకనేసుకొని వచ్చి, సార్ చెప్పిందంతా నా దగ్గర నేర్చుకునేది. ఆమెకు కోచింగ్ అంటే నేనే.

రీజనింగులో చుట్టరికాల లెక్కలుంటాయి. ప్లస్ అంటే తల్లి, స్టార్ అంటే తమ్ముడు, మైనస్ అంటే కూతురు. గుర్తులు విప్పి ఎవరికి ఎవరేమవుతారో చెప్పాలి. నేను గీతలు గీసుకొని తంటాలు పడేదాన్ని. ఆమె అక్షరాలు తీసేసి సొంత ఇంటివాళ్లను కూర్చోబెట్టేది, జవాబు చిటికెలో వచ్చేది. ఒకరోజు ఈ లెక్క వచ్చింది. పీకి తల్లి క్యూ, క్యూకి తమ్ముడు ఆర్, ఆర్‌కి కూతురు ఎస్. మరి పీకి ఎస్ ఏమవుతుంది? మేనమామ కూతురు. సుజాత ‘కూతురు’ అని రాసింది.

“గిదెట్ల వచ్చిందే?” అన్నాను.

“పీ అంటె నేను. క్యూ అంటె మా అవ్వ. అవ్వ తమ్ముడు ఎవలు? మా ఆయనే గద! ఆయన బిడ్డ నా బిడ్డ కాకుంటె ఇంకెవలి బిడ్డనే?” పకపకా నవ్వింది. మళ్లీ అనుమానం వచ్చింది. “కరెక్టేనా? సార్ గిట్లనే చెప్పిండా?”

పేపరు తయారుచేసేవాళ్లకు మన మేనరికాలు పట్టవు, మీ ఇంటి సంబంధాలు అందులో కలపొద్దు అని సార్ ఆ వారమే గట్టిగా చెప్పాడు. క్లాసులో చాలామంది అదే తప్పు చేశారు మరి. నేనూ చేశాను.

“గిట్లనే చెప్పిండు. మస్తు పట్టినవ్,” అన్నాను. టిక్కు పెట్టాను.

జంకానా? లేదు. ఆ తర్వాత పరీక్ష దాకా రోజూ దిద్దుకునే అవకాశం ఉండి కూడా, ఆమె అలాంటి లెక్క చేసిన ప్రతిసారీ అదే టిక్కు పెట్టి, ఆమె వెళ్లిపోయాక హాయిగా అన్నం తిని పడుకున్న మనిషిని నేను. దీనికి ఏం పేరు పెడతారో పెట్టుకోండి.

పరీక్ష హాలు బయట “చుట్టరికాల లెక్కలల్ల అందరు మా ఇంటోళ్లే వచ్చిండ్రే!” అని నన్ను వాటేసుకుంది.

ఉద్యోగం నాకొచ్చింది, ఆమెకు రాలేదు. ఆ లెక్కలు సరిగ్గా చేసినా రాకపోయేదేమో. ఆ ‘ఏమో’ను పట్టుకొనే ఇన్నాళ్లూ జీతం తిన్నాను. స్వీట్లు పంచడానికి వెళితే ఆమె మొగుడు నా ముందే ఆమెను “నీ తెలివికి బ్యాంకు నౌకరీనా?” అన్నాడు. తిరగబడుతుందనుకున్నాను. తల వంచుకుంది. “ఇది మంచిగనే చెప్పింది. నా బుర్రకే ఎక్కలే,” అంది.

ఆమె నన్ను వెనకేసుకొచ్చింది. ఛీ, అక్కడ కూడా నాకంటే పైచేయే!

ఆ రోజు నుంచి ఆమె తాను మొద్దునని నమ్ముతోంది. అందరికీ అదే చెప్పుకుంటుంది. పోయి నిజం చెప్పొచ్చు కదా అంటారా? చెప్పను. భయపడి కాదు. ఇప్పటికీ ఆమె ముందు ఓడిపోవడం నాకిష్టం లేదు. మీకు మాత్రం చెప్తున్నాను, వినండి. సుజాత మొద్దు కాదు. ఆమెను మొద్దును చేసింది నేను. ఈ ముక్క రాశాక కాస్త ఊపిరాడుతోంది, అంతకుమించి ఏమీ లేదు.