మేడమ్ కోటులో రెండంగుళాలు

కెనడాలోని గ్వెల్ఫ్‌లో చదువుకునే రోజుల్లో నాకు భయమంటే ఏమిటో తెలియదు. ఏమీ తెలియకపోవడం వల్ల వచ్చిన ధైర్యం అది. ఐదేళ్లలో నా పేరుతో ఒక బ్రాండ్ పెట్టేస్తానని గట్టి నమ్మకం. (లేబుల్ మీద వేయడానికి సంతకం కూడా సాధన చేశాను. కుట్టు మాత్రం ఇంకా సరిగ్గా రాలేదు.) ఈ పిచ్చి అంటించింది ఆ పక్కనే ఉన్న కేంబ్రిడ్జ్‌లో (ఇంగ్లండుది కాదు) వర్క్‌షాప్ నడిపే ఒక బ్రిటిష్ డిజైనర్. పదహారేళ్లకే బడి మానేసి, లండన్ సంతలో పాత కర్టెన్లతో కుట్టిన స్కర్టులు అమ్మి, ఒక్క కోటుతో పేరు తెచ్చుకుని, సొంత బ్రాండ్ పెట్టి, చివరికి కెనడా ఆయన్ని పెళ్లాడి ఇటు వచ్చేసిందావిడ. ఇంటర్లో కెమిస్ట్రీ బట్టీపట్టినట్టు ఆ జీవితమంతా బట్టీపట్టేశాను.

ఆవిడ దగ్గర ఒక్కటంటే ఒక్క పార్ట్‌టైమ్ ఉద్యోగం ఉందని తెలిసి అప్లై చేశాను. అది రాకపోతే డోనట్ల కొట్టులో తెల్లవారుజాము షిఫ్టు ఖాయం. ఆవిడకు పేరు తెచ్చిన ఆ కోటునే వాళ్లిచ్చిన కొలతలకు కుట్టి తీసుకురావాలి, అదే పరీక్ష. తెనాలిలో మా టైలర్ బాబాయి (వరసకు కాదు, అలవాటుకు) "ఎదిగే పిల్లవి కదమ్మా" అంటూ నా ప్రతి బట్టలోనూ కుట్ల లోపల రెండంగుళాల గుడ్డ వదిలేవాడు. కుట్టడమంటే అంతేననుకుని నేనూ వదిలాను. మా కరీంనగర్ రూమ్మేట్ కోటు తిరగేసి చూసి, "గింత గుడ్డ లోపలెందుకే? ఎవరికి దాస్తున్నవ్?" అంది. దానికేం తెలుసులే అనుకుని దాని కారులోనే ఇంటర్వ్యూకి వెళ్లాను.

మేడమ్ ఎదురుగా కూర్చోగానే ఆవిడ జీవితచరిత్ర అప్పజెప్పడం మొదలుపెట్టాను. "మీ పంతొమ్మిదో ఏట, లండన్ సంతలో..."

"తెలుసు," అందావిడ. "అక్కడ నేనూ ఉన్నాను."

తరవాత కోటు లోపలి వైపు తిప్పింది. "ఈ గుడ్డంతా ఎందుకు?"

"లావైతే విప్పుకోవడానికి, మేడమ్."

"ఎవరు లావైతే?"

"ఎవరైనా సరే, మేడమ్."

"మా బ్రాండ్‌లో అక్కర్లేని గుడ్డ అంగుళం కూడా ఉండదు. వచ్చినందుకు థాంక్స్."

బ్యాగు సర్దుకుంటూ మనసులో డోనట్ల కొట్టు టోపీ కూడా పెట్టేసుకున్నాను. అంతలో ఫోటో తీయడానికి పత్రికవాళ్లు వచ్చేశారు. మేడమ్ అద్దాల బీరువాలోంచి తన మొదటి కోటు తీసి తొడుక్కుంది. గుండీ కాజా దాకా రాలేదు. ఇంకోసారి లాగింది. అసిస్టెంటు సీలింగు వైపు చూడసాగింది. నేను మర్యాదగా బయటికి పోవాల్సింది. పోలేదు.

"మేడమ్, దాంట్లో విప్పడానికేం లేదు. నేను కుట్టినదాంట్లో ఉంది. అరగంట ఇవ్వండి."

ఆవిడ తన కోటు విప్పి బీరువాలో పెట్టేసింది. నాది తొడుక్కుని వచ్చి నా ముందు నిలబడింది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని నేను కోటు సరిచేస్తుంటే, ఆవిడ పొట్ట లోపలికి పోతోంది. "ఊపిరి బిగబట్టకండి మేడమ్, కొలత తప్పుతుంది," అన్నాను. ఆవిడ ఊపిరి వదిలేసి పకపకా నవ్వింది. కుట్లు విప్పాను, మళ్లీ వేశాను, గుండీ పడింది, ఫోటో దిగారు.

"ఇంకా ఎంత మిగిలింది?" అంది మెల్లగా.

"వచ్చే ఏడాదికి కూడా సరిపోతుంది, మేడమ్."

"అయితే సోమవారం నుంచి రా."

రెండేళ్లు పనిచేశాను. బ్రాండ్ మాత్రం పెట్టలేదు. చదువైంది, వేరే ఉద్యోగం వచ్చింది, పెళ్లైంది, పాప పుట్టింది. ఇప్పుడు పాపని పడుకోబెట్టి ఇది రాస్తున్నాను. నిన్న డేకేర్‌లో దానికి ఇంకెవరి టోపీయో పెట్టి పంపారు. ఆ మాట టీచర్‌కి చెప్పడానికి నాలుగుసార్లు మెసేజ్ రాసి, ఏమనుకుంటారోనని నాలుగుసార్లూ చెరిపేశాను. నోట్లో సూదులతో అంత పెద్దావిడని ఊపిరి వదలమన్న ఆ పిల్ల ఎక్కడుందో తెలిస్తే, ఒక్కసారి వచ్చి ఈ మెసేజ్ పంపి వెళ్లమని బతిమాలుకుందును.