ఈశాన్యంలో రేకు

అనంతకృష్ణ ఉద్యోగం నేల కదులుతోందో లేదో చూడడం. మొదటి పెళ్లిచూపుల్లో ఈ మాట చెప్తే పిల్ల మేనమామ కాసేపు ఆలోచించి, "పర్మనెంటేనా?" అని అడిగాడు. కాంట్రాక్టు అని అనంతకృష్ణ చెప్పాడు. ఆ సంబంధం కుదరలేదు. తరవాత కుదిరిన జ్ఞానేశ్వరి అసలు ఏ ప్రశ్నా అడగలేదు. అడగాల్సిందని అప్పుడప్పుడూ అంటుంటుంది.

అతను విశాఖపట్నంలో జియాలజీ చదివాడు. కొన్నేళ్లు బోర్లకు పాయింట్లు పెట్టాడు. తండ్రి రామ్మూర్తి గారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవారు. అడిగినవాళ్లకు వాస్తు చెప్తారు, దానికి డబ్బు పుచ్చుకోరు. బోరు ఎక్కడ వేయాలో తండ్రి శాస్త్రం చూసి చెప్పేవారు, కొడుకు మిషను పెట్టి చెప్పేవాడు. ఇద్దరూ చాలాసార్లు ఈశాన్యమే చెప్పేవారు. సత్యనారాయణపురంలో వాళ్లింటికి ఆ విధంగా కొంత పేరుంది.

ఇప్పుడతను పనిచేసే ఆఫీసు గవర్నర్‌పేటలో, స్టీలు సామాన్ల హోల్‌సేలు దుకాణం పైన ఉంది. కృష్ణా డెల్టాలో నేల మెల్లగా కుంగుతోందేమోనని ఆ ఆఫీసువాళ్లకు అనుమానం. కుంగినా అది కంటికి కనిపించేంత కాదు. ఉపగ్రహం రెండు వారాలకోసారి పైనుంచి పోతూ రాడారు కిరణం పంపి, తిరిగొచ్చినదాన్ని పట్టుకుంటుంది. పొలాలు, చెట్లు ఆ కిరణాన్ని చెల్లాచెదరు చేస్తాయి. అందుకని మూడు సిల్వర్ రేకులను గది మూలలాగా కలిపి, ఆకాశం వైపు వంచి, సిమెంటు దిమ్మ మీద బిగిస్తారు. దాని మీద పడిన కిరణం వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఉపగ్రహం తీసిన బొమ్మలో అక్కడొక తెల్లచుక్క కనిపిస్తుంది. ప్రతిసారీ ఆ చుక్క దూరాన్ని పోల్చి చూస్తే, దిమ్మ కింద నేల గోరంత దిగినా తెలుస్తుంది. షరతు ఒక్కటే. ఐదేళ్లు దిమ్మని ఎవరూ కదపకూడదు.

అలాంటివి ఎనిమిది ఊళ్లలో, మనుషులు కాపురముండే ఇళ్ల ఆవరణల్లో పెట్టారు. స్థలాలు ఎంచింది అనంతకృష్ణే. చెట్టు, ట్యాంకు, గోడ అడ్డంలేని మూల కావాలి. ఎనిమిది ఇళ్లలోనూ అలాంటి మూల ఈశాన్యమే అయింది. అది ఎందుకు ఖాళీగా ఉందో అతను ఆలోచించలేదు. వాస్తు చెప్పే తండ్రికి పుట్టినవాడు ఆ ఒక్కటీ ఆలోచించకపోవడం గురించి తరవాత ఆఫీసులో కొంత చర్చ జరిగింది.

నెలకోసారి అతను మోటారుసైకిలు మీద ఎనిమిది ఊళ్లూ తిరిగేవాడు. రేకుల్లో రాలిన ఆకులు తీసేవాడు, పిచ్చికల గూడు ఉంటే తీసి చూరులో పెట్టేవాడు. ఒక ఇంట్లో రేకు మీద వడియాలు ఆరబెట్టారు. అవి ఎండేదాకా కూచుని, ఎత్తించి, రేకు తుడిచి వచ్చాడు. నాలుగేళ్లు అలా గడిచాయి. ఇంకొక్క ఏడాది గడిస్తే ఏ ఊరు ఎంత కుంగుతోందో చెప్పేయొచ్చు.

ఆగస్టులో ఒక రోజు, ఉపగ్రహం బొమ్మలు చూసే కిరీటి అతన్ని కంప్యూటరు దగ్గరికి పిలిచాడు.

"అనంత్ గారూ, చల్లపల్లి కుంగలేదండీ."

"మంచిదే కదండీ."

"నడిచింది."

పోయిన బొమ్మలో చుక్క ఒక గడిలో ఉంది. కొత్త బొమ్మలో దానికి నైరుతిగా పక్క గడిలో ఉంది. చుక్క మాత్రం ఎప్పటిలాగే మెరుస్తోంది.

"భూకంపం ఏమన్నా వచ్చిందంటారా?" అన్నాడు కిరీటి.

"పద్మావతమ్మగారి పెరట్లో ఒక్కచోటేనా?"

"అందుకే మిమ్మల్ని వెళ్లి చూసి రమ్మంటున్నా."

చల్లపల్లి పద్మావతమ్మ గారికి అరవై దాటాయి. మిగతా ఏడు ఇళ్లవాళ్లూ మొహమాటానికి స్థలం ఇచ్చారు. ఆవిడ అడిగి మరీ పెట్టించుకుంది. వెనక గోడకు చీలిక వచ్చింది. కొడుకు సిద్ధార్థ కోసం పైన ఒక అంతస్తు వేయాలని ఆవిడ కోరిక. కింద నేల కుంగుతుంటే వేయకూడదు, కుంగకపోతే వేయొచ్చు. అది తేల్చి చెప్పేవాళ్లు వచ్చారు కదాని ఆవిడ సంతోషించింది. నెలనెలా అనంతకృష్ణకు మజ్జిగ ఇచ్చి, "ఇంకెన్నాళ్లు బాబూ?" అని అడిగేది.

అతను పామర్రు దగ్గర కుడివైపు తిరిగి చల్లపల్లి చేరేసరికి ఆవిడ గుమ్మంలోనే ఉంది.

"రండి రండి. మీరు చూసి మెచ్చుకోవాలనే ఎదురుచూస్తన్నా."

ఈశాన్యం మూల ఊడ్చి ముగ్గేసి ఉంది. నైరుతి మూలలో, కొత్త దిమ్మ మీద రేకు నిలబడి ఉంది.

"అచ్చం అట్టాగే పెట్టించా. మన జక్కయ్య మేస్త్రి దారం కట్టి మరీ చూశాడు. ఎత్తు అదే, వాలు అదే. మొహం కూడా ఎటుంటే అటే. ఫోన్లో దిక్కులు చూసుకున్నాం."

అనంతకృష్ణ లెవెల్ తీసి దిమ్మ మీద పెట్టాడు. బుడగ మధ్యలోనే నిలిచింది.

"ఎందుకు మార్చారండీ?"

"ఈశాన్యంలో బరువు ఉండకూడదంట కదా."

"నాకొక ఫోను చేయాల్సిందండీ."

"ఎండన పడి మీరెందుకు రావడం అని. అయినా మా దొడ్డి దాటించలేదుగా."

"కదపకూడదని చెప్పానండీ పిన్నిగారూ."

"గేదెలు తోస్తాయి, పిల్లలు లాగుతారు, అట్టాంటివి వద్దన్నారు. నేను మంచిరోజు చూసి మార్పించా. రెండూ ఒకటేనా?"

ఆవిడ అతన్ని వెనక గోడ దగ్గరికి తీసుకెళ్లింది.

"ఇదిగో, చీలిక. వెంట్రుక కూడా దూరదు ఇప్పుడు."

"వానలు పడ్డాయి కదండీ. నల్లరేగడి నానితే ఉబ్బుతుంది, చీలిక మూసుకుంటుంది. వేసంగిలో మళ్లీ తెరుచుకుంటుంది."

"పోయినేడూ పడ్డాయిగా వానలు."

"అప్పుడు చూశారా?"

"చూళ్లేదు. అప్పుడింత నమ్మకం లేదు."

దిమ్మ మార్చమని ఎవరు చెప్పారని అడిగాడు. సత్యనారాయణపురంలో రామ్మూర్తి మాస్టారని ఒకాయన ఉన్నారని, పైసా పుచ్చుకోరని, తన ఆడపడుచు నంబరిస్తే ఫోను చేశానని ఆవిడ చెప్పింది. "కొలతలడిగి చిటికెలో చెప్పేశారు. మీకేమన్నా తెలుసా ఆయన?"

"తెలుసండీ," అన్నాడు అనంతకృష్ణ. మజ్జిగ మొత్తం తాగి, గ్లాసు కింద పెట్టాడు.

ఇంటికి వచ్చేసరికి రామ్మూర్తి గారు బాల్కనీలో పేపరు చదువుతున్నారు.

"నాన్నగారూ, చల్లపల్లి నుంచి పద్మావతమ్మగారని ఎవరన్నా ఫోను చేశారా?"

"చేసింది. మర్యాదస్తురాలు. ఈశాన్యంలో సిమెంటు దిమ్మ ఉందంది. నైరుతికి మార్చుకోమన్నాను."

"అది నేను పెట్టిన దిమ్మ."

ఆయన కళ్లజోడు తీశారు. "ఈశాన్యంలో నువ్వు పెట్టావా?"

"అవును."

"నా కొడుకువై ఉండి?"

జ్ఞానేశ్వరి రెండు కప్పుల కాఫీ తెచ్చి, ఒకటి మామగారికి ఇచ్చింది. "ఇంకెన్నిచోట్ల పెట్టారేంటి?"

"మొత్తం ఎనిమిది."

"అన్నీ ఈశాన్యంలోనేనా?"

"అక్కడే ఖాళీ ఉంది."

"అదెందుకు ఖాళీగా ఉందో మీకు తట్టలేదా, మావయ్యగారు పక్కగదిలోనే ఉంటారుగా," అని రెండో కప్పు పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. అది అతనిదే. తరవాత అడిగి తెచ్చుకున్నాడు.

చల్లపల్లి నాలుగేళ్ల లెక్క అక్కడితో ఆగిపోయింది. చుక్క కొత్త చోట మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. అంతవరకైతే అనంతకృష్ణ సర్దుకునేవాడే. కానీ ఎనిమిది ఇళ్లవాళ్లకూ కలిపి అతనే ఒక వాట్సాప్ గ్రూపు పెట్టి ఉన్నాడు, రేకు ఫొటోలు పంపమని. ఆ వారం పద్మావతమ్మ గారు అందులో గోడ ఫొటో పెట్టి, ఈశాన్యం దోషం పోయిందని, చీలిక ఆగిందని, ఇంకా వివరాలు కావలసినవారు మాస్టారిని అడగవచ్చని రాసి, కింద నంబరు ఇచ్చింది. చాలాకాలంగా ఎవరూ ఏమీ పెట్టని ఆ గ్రూపులో దండాల బొమ్మలు వరసగా వచ్చాయి.

మొదటి ఫోను గన్నవరం శాంతకుమారి గారిది. ఆవిడ రిటైరైన టీచరు.

"అనంతకృష్ణ గారూ, ఏమీ అనుకోకండి. మాకు చీలికలేమీ లేవు. వచ్చేదాకా ఆగడం ఎందుకని."

"ఒక్క ఏడాది ఆగండి మేడమ్. నాలుగేళ్ల పని పోతుంది."

"మాస్టారు మీ నాన్నగారేనట కదండీ. మీ ఇంట్లో మాటొకటి, మాకు చెప్పేది ఇంకొకటీనా?"

ఆ సాయంత్రం అతను తండ్రి ఎదుట కూచున్నాడు. "ఎవరన్నా ఫోను చేస్తే ఏడాదిపాటు ఫరవాలేదని చెప్పండి నాన్నగారూ. తరవాత నేనే తీసేస్తాను."

"ఫరవా ఉన్నదాన్ని లేదని ఎలా చెప్తానురా? చల్లపల్లిలో చుక్క జరిగిందని మీ ఉపగ్రహం చెప్పింది. జరగలేదని చెప్పమంటే చెప్తుందా?"

"చెప్పదు."

"మరి?"

అనంతకృష్ణ లేచి వెళ్లిపోయాడు. రెండురోజులు ఇద్దరూ మాట్లాడుకోలేదు. మాట్లాడవలసినవి ఏమన్నా ఉంటే జ్ఞానేశ్వరికి చెప్పారు. ఆవిడ కొన్ని అందించింది, కొన్ని అందించలేదు. మూడోరోజు పొద్దున రామ్మూర్తి గారు నేరుగా అడిగారు.

"దిమ్మ బరువెంత?"

"ఇద్దరు మనుషులు ఎత్తలేరు. ముగ్గురు కావాలి."

"నైరుతిలో అంతకు మించిన బరువు ఉంటే ఈశాన్యం తేలికైనట్టే. దోషం చెప్పడానికి ఉండదు."

అనంతకృష్ణ ఆయన మొహంలోకి చూశాడు. "ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా."

"అప్పుడు నువ్వు అబద్ధం చెప్పమన్నావు. దారి ఉందా అని అడగలేదు."

"పద్మావతమ్మగారికి చెప్పి ఉంటే?"

"ఆవిడ మార్చగలనంది. మార్చలేనంటే చెప్పేవాణ్ణి."

డెల్టాలో పాత ఇళ్లన్నిటికీ రుబ్బురోళ్లున్నాయి. మిక్సీలూ గ్రైండర్లూ వచ్చాక అవి పెరట్లో ఎక్కడో మట్టిలో కూరుకుని ఉన్నాయి. అనంతకృష్ణ ఒక గునపం, మోకు బండికి కట్టుకుని ఏడు ఊళ్లూ తిరిగాడు. మనుషుల్ని పిలిచి రోళ్లను నైరుతి మూలకు దొర్లించాడు. ప్రతిచోటునుంచీ తండ్రికి ఫోను చేసి ఇంటివాళ్లకు ఇచ్చాడు. రెండు చోట్ల చాలదన్నారు ఆయన. పొత్రాలు కూడా తెచ్చి పక్కన పెట్టారు. గన్నవరంలో శాంతకుమారి గారు రోలు ఎప్పుడో ఇచ్చేశారు. అక్కడ పాడైపోయిన ఆయిలింజను తోయించారు. అది నైరుతిలో మరీ మంచిదని రామ్మూర్తి గారు అన్నారని ఆవిడ గ్రూపులో రాసింది.

"ఆ రోళ్ల బరువుకు నేల కుంగదుగదా?" అని కిరీటి అడిగాడు. కుంగదని అనంతకృష్ణ చెప్పాడు. ఆ నెల రిపోర్టులో స్థలాల నిర్వహణ అన్న చోట కిరీటి రోళ్ల ఊసెత్తకుండా ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాడు.

ఏడు దిమ్మలూ కదల్లేదు. ఐదో ఏడు నిండింది. లెక్కలు తేలాయి. చల్లపల్లికి తూర్పున ఉన్న ఊళ్లో నేల ఏడాదికి బియ్యపుగింజ మందం దిగుతోంది. పడమరన ఉన్న ఊళ్లో దిగడం లేదు. రిపోర్టు పట్టికలో చల్లపల్లి పేరు ఎదురుగా గడి ఖాళీగా ఉంది.

"గ్రాఫులో రెంటికీ మధ్య గీత గీస్తే చల్లపల్లి వచ్చేస్తుందిగా," అన్నాడు కిరీటి. "చుక్కల గీత పెడదాం. అంచనా అని రాద్దాం."

"ఆవిడ దాని మీద అంతస్తు వేస్తుందండీ."

"అంచనా అని రాస్తున్నాం కదా."

"ఆవిడ చదవదు. నన్ను అడుగుతుంది."

కిరీటి గడిని ఖాళీగానే వదిలాడు.

అనంతకృష్ణ చల్లపల్లి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. పద్మావతమ్మ గారు అరుగు మీద కూచుని విన్నది.

"అటు దిగింది. ఇటు దిగలేదు. మేం మధ్యన."

"అవునండీ."

"మధ్యనంటే సగం దిగినట్టా?"

"అలా చెప్పలేమండీ. అటైనా కావచ్చు, ఇటైనా కావచ్చు."

"పాత నాలుగేళ్లదీ, ఈ ఏడాదిదీ కలిపితే?"

"రెండూ కలవవు పిన్నిగారూ. మార్చినప్పుడే తెగిపోయింది."

"అంటే నేనే తెంపుకున్నా."

అతను రేకు తుడిచే గుడ్డ బయటికి తీశాడు.

"మళ్లీ ఆ మూలకే పెట్టిస్తేనో?"

"మళ్లీ మొదటినుంచి. ఇక్కడే ఉంటే ఒక ఏడాది అయిపోయినట్టు. ఇంకో నాలుగేళ్లు."

ఆవిడ రేకువైపు చూసింది. సిద్ధార్థ లోపలినుంచి తాళాలగుత్తి తిప్పుకుంటూ వచ్చాడు. అతను కొత్తగా కారు కొన్నాడు. దానికి షెడ్డు వేయడానికి వీలైన మూల నైరుతే. మేస్త్రితో మాట్లాడి కూడా ఉంచాడు.

"ఏమన్నారమ్మా? పైన వేసుకోమన్నారా?"

"నాలుగేళ్లు ఆగమన్నారు."

"ఆగితే ఆగుదాం. ఈలోపు దాన్ని ఓ నాలుగడుగులు అటు జరిపిస్తే షెడ్డన్నా వేసుకుంటా. జక్కయ్య రేపు వస్తానన్నాడు."

"జక్కయ్యకు నేను చెప్తాలే, రావొద్దని."

"మరి కారు?"

"రోడ్డు మీద పెట్టుకో."

"నాలుగేళ్లా?"

"దాని జోలికి ఎవరన్నా వస్తే ఊరుకోను. నువ్వైనా సరే," అని ఆవిడ అనంతకృష్ణ వైపు తిరిగింది. "మీరు తుడుచుకోండి బాబూ. మజ్జిగ తెస్తా."

అనంతకృష్ణ రేకు తుడిచాడు. లెవెల్ పెట్టి చూసి, ఫొటో తీసుకున్నాడు. మజ్జిగ తాగి బయటికి వచ్చేసరికి వీధిలో సిద్ధార్థ కారు అడ్డంగా ఉంది. దారి చాలక, బండిని పంటకాలవ గట్టు మీదుగా నడిపించుకుంటూ వెళ్లి రోడ్డెక్కాడు.