కూలవలసిన అయిదంతస్తులు

బొమ్మల పుస్తకాల ప్రచురణాలయంలో ఆయనను అందరూ మేస్త్రి అని పిలిచేవారు. పూర్వం భవనాల నక్షాలు గీసే ఉద్యోగం చేసి, పదవీ విరమణ అనంతరం సూపర్‌హీరో కామిక్ నవలలకు నేపథ్యం గీసే పనిలో చేరినందున ఆ పేరు స్థిరపడింది. ముందుగా చిత్రకారుడు ప్రతి గడిలోనూ వీరుడిని, అతని శత్రువును పెన్సిలుతో గీసి పంపేవాడు. మిగిలిన ఖాళీలో వీధులు, మేడలు, నీళ్ల గొట్టాలు మేస్త్రి సిరాతో పూర్తి చేసేవారు. పాఠకులు వీరుడిని చూస్తారే గాని గోడను చూడరన్న సంగతి ఆయనకు తెలియనిది కాదు. అయినప్పటికీ గొట్టం ఏ అంతస్తు నుండి దిగుతున్నదో తేల్చుకోనిదే గీత వేసేవారు కారు.

ఆ సంవత్సరపు నవలలోని వీధికి ఆయన తాము కాపురముండే అయిదంతస్తుల మేడనే నమూనాగా తీసుకున్నారు. మేడలోని వారిని సైతం కిటికీలలో నిలిపారు. ఆ విషయం దాచలేదు కూడా. నవల నెలకొక భాగంగా వెలువడుతున్నందున, ఇరుగుపొరుగువారు ప్రతి నెలా తమను తాము వెతుక్కునేవారు. ఒకనాడు మూడవ అంతస్తు దర్జీ భార్య ఆయనను మెట్ల మీద ఆపింది.

“అన్నయ్యగారూ, నన్ను వేసేముందు ఒక్క మాట చెప్పకూడదూ? తల దువ్వుకునేదాన్ని కదా.”

“అంత చిన్న బొమ్మలో జుట్టు కనబడదమ్మా.”

“మా ఆయనకి కనబడింది.”

చివరి భాగానికి కథ వచ్చింది. అందులో శత్రువు వచ్చి తగలగా, ఒక పుటలోని నాలుగవ గడిలో ఆ మేడ పూర్తిగా కూలవలెనని వ్రాసి ఉన్నది. లోపలివారి ప్రస్తావన ఎక్కడా లేదు. మేస్త్రి రెండుసార్లు చదివి, కలానికి మూత పెట్టి, చిత్రకారుడి బల్ల వద్దకు వెళ్లారు.

“అందులో వాళ్లు ఏమయ్యారు?”

“ఎందులో?”

“మేడలో.”

“బొమ్మ మేడే కదండీ. ఇల్లు కట్టి చూడు అన్నారు గానీ, కూల్చి చూడు అన్లేదు. దుమ్ము వేసేయండి, సరిపోతుంది.”

“ఇరవై ముగ్గురున్నారు.”

మేడలోనివారు బయటపడినట్లు చూపేందుకు మరొక గడి కావాలని మేస్త్రి అడుగగా, సంపాదకురాలు మర్యాదగానే బదులు చెప్పారు. పుటల సంఖ్య ఖరారైనది. కొత్త గడికి చోటు లేదు. మరునాటి సాయంత్రానికి పుట అందనిచో వేరొకరు గీసెదరు.

ఇంటి వద్ద భార్య విషయమంతా విని ఇలా అన్నది: “ఎక్కించినవాళ్లే దించాలి మరి. రేపు మెట్ల మీద వాళ్ల మొహాలు చూడాల్సింది మీరే కదండీ.”

మరునాడు ఉదయం ఆయన మూడవ గడిని పరిశీలించారు. మేడ పక్కమెట్లు ఉండవలసిన చోటునంతా వీరుడి భుజాల నుండి ఎగిరే కేప్ కప్పివేసినది. ఆ కేప్‌ను చూచియే పాఠకులు ఆ చిత్రకారుడి చేతిని గుర్తుపట్టేవారు.

“కేప్ కాస్త తగ్గిస్తారా?”

“తగ్గిస్తే మెడకి చేతిరుమాలు కట్టుకున్నట్టుంటాడు, మేస్త్రిగారూ. మీ గోడ కోసం నా వీరుడికి బట్టలు విప్పమంటారా?”

“విప్పొద్దు. అటు తిప్పండి చాలు. రెండో గడిలో శత్రువు జుట్టు చూడండి, గాలి ఎటు వీస్తోందో. జుట్టు ఒకవైపు, కేప్ ఒకవైపు ఎగురుతాయా?”

చిత్రకారుడు రెండు గళ్లనూ కొంతసేపు మార్చి మార్చి చూచాడు. తరువాత రబ్బరు అందుకున్నాడు. తుడవడం ముగించిన పిమ్మట ఒక్క మాట అడిగాడు.

“మెట్లు దిగే మేడవాళ్లని నీడల్లా వేస్తారా?”

“మనుషుల్లానే. వాళ్లు చూసుకుంటారు.”

ఖాళీ అయిన చోటు బొటనవేలంత వెడల్పున్నది. ఆయన అందులో పక్కమెట్లు గీసి, మధ్యాహ్నం మూడు గంటల వరకు ఒక్కొక్కరినే దించారు. దర్జీ భార్యకు తల దువ్వారు. ఇరవై మూడవ వ్యక్తి వీధి మలుపు దాటిన తరువాత నాలుగవ గడిని ముందుకు జరుపుకున్నారు. నిజమైన భవనం కూలే వరుసలోనే మొదట కింది స్తంభాలను విరిచి, పై అంతస్తులను వాటిపై పడవేసి, ఒక్క కిటికీ కూడా మిగల్చకుండా మేడను నేలమట్టం చేశారు.